ఓసీడీకి సరైన థెరపిస్ట్‌ని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: తమ్ముడికి ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటివల్ల అదే పని మళ్లీమళ్లీ చేసే జబ్బు) అని తేల్చారు. మందుతోపాటు థెరపీ కూడా కావాలన్నారు. మాది వరంగల్. కౌన్సెలింగ్ బోర్డులైతే బోలెడు, ఎవరి దగ్గరికి వెళ్లాలి?

జవాబు 1: బోర్డు చూసి వెళ్లకండి. క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగండి. తర్వాత "ఈఆర్‌పీ ఎలా చేస్తారు?" అని అడగండి. ఈఆర్‌పీ అంటే భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూ, అలవాటైన పని చేయకుండా ఆగడం నేర్పే థెరపీ. భయాలకు 0 నుంచి 100 దాకా మార్కులు వేయించి, తక్కువదానితో మొదలుపెట్టి, తలుపు గడియ ముట్టుకుని చేతులు కడక్కుండా ఉండటం లాంటివి సెషన్‌లోనే చేయిస్తామంటే సరే. "ఆ ఆలోచన రాగానే మనసు మళ్లించుకో" అనడంతో సరిపెడితే వేరేవాళ్లని చూసుకోండి. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు పడతాయి, మధ్యలో రోజూ హోంవర్కు ఉంటుంది.

జవాబు 2: మందు సంగతి. ఓసీడీకి డిప్రెషన్‌కన్నా ఎక్కువ మోతాదు పడొచ్చు, సెర్ట్రలిన్ అనే మందైతే రోజుకి 200 మి.గ్రా. వరకు వెళ్తారు. గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు. చాలామంది నెలకే "పనిచేయట్లేదు" అని మానేస్తారు, చిక్కంతా అక్కడే. డాక్టరుకి చెప్పకుండా ఆపొద్దు.

ప్రశ్న: థెరపీ ఆన్‌లైన్‌లో కుదురుతుందా?

జవాబు 3: కుదురుతుంది. గ్యాస్ చెక్ చేసే అలవాటుంటే ఇంకా మేలు, ఫోన్ పొయ్యి దగ్గరే పెట్టి చేయించొచ్చు. ఇంకోటి: "కట్టేశానా అక్కా?" అని అడిగిన ప్రతిసారీ "కట్టేశావులేరా" అంటే జబ్బుకి మేత వేసినట్టే. అలాగని ఒక్కసారిగా మానేయొద్దు, థెరపిస్ట్‌తో అనుకుని తగ్గించండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.