ఫ్యామిలీ డే పిల్లల హాకీ: స్కోరు బల్ల దగ్గరికి మనుషులు కావాలి

సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి మూడో సోమవారం, ఫ్యామిలీ డే సెలవు నాడు ఇక్కడ కెనడాలో, మిస్సిసాగాలో మన పిల్లల ఐస్ హాకీ ఆటలు ఖాయమయ్యాయి. పొద్దున యూ9, అంటే తొమ్మిదేళ్లలోపు పిల్లలు, తర్వాత యూ11, చివర యూ13. భోజనాల కమిటీ ఒక్క రోజులో నిండిపోయింది, పులిహోరకే నలుగురు పేర్లిచ్చారు. స్కోరు బల్ల దగ్గర మాత్రం ఇప్పటికి నా పేరొక్కటే ఉంది.

హాకీ తెలియదు, స్కేటింగ్ రాదు అని వెనకాడుతున్నారని నాకు తెలుసు. ఐస్ మీద ఆట చూసుకోవడానికి రిఫరీలు వేరే వస్తారు. మనం కూర్చునేది అద్దం వెనక, తప్పు చేసిన పిల్లలు కాసేపు కూర్చునే రెండు పెనాల్టీ బాక్సుల మధ్యనుండే బెంచీ మీద. ఊళ్లో క్రికెట్ ఆడుతుంటే చెట్టు కింద కూర్చుని నోట్‌బుక్కులో బంతి బంతికీ చుక్క పెట్టినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ ఓపికే ఇక్కడా కావాలి.

యూ11, యూ13 ఆటలకు నలుగురేసి చొప్పున కావాలి. గడియారం దగ్గర ఒకరు, గోల్స్, పెనాల్టీలు ఎక్కించే గేమ్‌షీట్ రాయడానికి ఒకరు, పెనాల్టీ తలుపుల దగ్గర చెరొకరు. యూ9 వాళ్లది సగం రింకులో ఆట, స్కోరు పెట్టడం లేదు. 90 సెకన్లకోసారి బజర్ నొక్కితే పిల్లలు మారతారు. దానికి ఒక్కరు చాలు.

గడియారం విజిల్ వినగానే ఆపాలి. మళ్లీ నడపడానికి మాత్రం రిఫరీ చేతిలోని పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ల మీదే చూపు పెట్టండి. అది ఐస్ మీద పడ్డాకే నొక్కాలి.

షీటు రాసేవాళ్ల దగ్గరికి గోల్ పడ్డాక రిఫరీ వచ్చి, అద్దం అవతల నుంచి జట్టు రంగు, గోల్ కొట్టిన నంబరు, అసిస్టులు, అంటే గోల్‌కు ముందు పాస్ అందించినవాళ్లు ఉంటే ఆ నంబర్లు చెబుతారు. అసిస్టులు రెండుకు మించవు. బోర్డు మీద ఎంత సమయం కనిపిస్తే అంతే రాయండి. పెనాల్టీకి సైగ చూసినా తెలుస్తుంది. ట్రిప్పింగ్, అంటే కాలికి అడ్డంపెట్టి పడేయడం అయితే చేత్తో మోకాలి కింద కొట్టుకుంటారు. హుకింగ్, అంటే స్టిక్కుతో పట్టి లాగడం అయితే బావిలోంచి చేద లాగినట్టు రెండు చేతులూ పొట్టవైపు లాగుతారు. వినబడకపోతే మొహమాటపడకుండా మళ్లీ అడగండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇక్కడ పిల్లల ఆటలకు వచ్చే రిఫరీలు చాలాసార్లు పదిహేను, పదహారేళ్ల పిల్లలే. వాళ్ల మీద మనవైపు నుంచి ఒక్క గొంతు కూడా లేవకూడదు.

ఇక పెనాల్టీ తలుపు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. పోయిన చలికాలం ఒక ఆటలో నేను 8 సెకన్లు ముందే తలుపు తీశాను. బోర్డు మీద రెండు పెనాల్టీలు నడుస్తున్నాయి, నేను చూసింది రెండోవాడి సమయం. పిల్లవాడు దూకి వెళ్లిపోయాడు. రిఫరీ ఆట ఆపి వెనక్కి పంపారు. తప్పు నాది. వాడు మాత్రం ఏదో నేరం చేసినట్టు తల వంచుకుని కూర్చున్నాడు. హెల్మెట్ కమ్మీల్లోంచి కళ్లలో నీళ్లు కనబడుతున్నాయి. "తప్పు నీది కాదు బాబూ, నాది" అన్నాను. తలూపాడు గానీ నా వైపు చూడలేదు. అందుకే ఈసారి తలుపు దగ్గర ఉండేవాళ్లకు వేరే ఏ పనీ పెట్టను.

చిన్న తప్పుకు పడే మామూలు మైనర్ పెనాల్టీ 2 నిమిషాలు, అదీ ఆట గడియారం నడుస్తున్నప్పుడే తరుగుతుంది. లోపల పిల్లవాడున్నందువల్ల ఆ జట్టులో ఒకరు తక్కువై ఆడుతుండగా అవతలి జట్టు గోల్ కొడితే వాణ్ణి వదిలేయాలి. ఇద్దరు లోపల ఉంటే తక్కువ సమయం మిగిలినవాడు బయటికెళ్తాడు. 5 నిమిషాల మేజర్ అయితే గోల్ పడినా పూర్తిగా కూర్చోవాల్సిందే. రెండు జట్లకూ ఒకేసారి మైనర్ పడితే గోల్‌తో వదలకూడదు. ఎప్పుడు వదలాలో రిఫరీనే అడగండి.

యూ11 బాబు వాళ్లమ్మ:

అన్నయ్యా, నాకు గడియారం ఇవ్వండి. కానీ మా వాడు ఆడుతుంటే గట్టిగా అరవకుండా ఉండగలనా అని టెన్షన్‌గా ఉంది.

సమన్వయకర్త:

బల్ల దగ్గర కూర్చున్నాక ఏ జట్టుకీ చప్పట్లు కొట్టకూడదమ్మా. అందుకే యూ11 తల్లిదండ్రులు యూ13 ఆటకు, యూ13 వాళ్లు యూ11కి కూర్చునేలా వేస్తున్నాను. మీవాడి ఆట మీరు స్టాండ్స్‌లో కూర్చుని తృప్తిగా అరుస్తూ చూడండి. యూ13 గడియారం మీకు.

యూ13 పాప వాళ్ల నాన్న:

మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మాస్టారు, చేతిరాత ముత్యాల కోవ. యూ11 షీటు రాయిస్తే సంతోషిస్తారు. కాకపోతే ఇక్కడివాళ్ల ఇంగ్లీషు అద్దం అవతల నుంచి అందుతుందో లేదో.

సమన్వయకర్త:

తప్పకుండా తీసుకురండి. పక్కన నేను గడియారం చూస్తుంటాను. రిఫరీ చెప్పింది నేను విని తెలుగులో చెబుతాను, ఆయన రాస్తారు. రింకులో ఆయనకు చలి బాగా వేస్తుంది. స్వెట్టర్, మఫ్లర్, దుప్పటి, వేళ్లు బయటికుండే గ్లవ్స్ మర్చిపోకండి. పెన్నులు రెండు, జేబు లోపల వెచ్చగా ఉంచమనండి. చలికి ఇంకు సరిగా దిగదు.

తలుపు దగ్గర మూడేళ్లుగా చేస్తున్న అక్క:

యూ11లో ఒక తలుపు నాకు రాసుకో తమ్ముడూ. కొత్తవాళ్లకు రెండు మాటలు. లోపలికొచ్చిన పిల్లల్ని ఏం జరిగిందని అడగొద్దు. ముందు నీళ్ల సీసా చేతికివ్వండి. కోపంగా వచ్చినా, ఏడుస్తూ వచ్చినా అరనిమిషంలో ఊపిరి సర్దుకుంటుంది. తర్వాత "ముప్పై సెకన్లు" అని, "పది" అని మెల్లగా చెప్పండి, వాళ్లే లేచి సిద్ధంగా ఉంటారు. సున్నా చూశాకే గడియ తీయండి. తీసి పక్కకు జరగండి, స్టిక్కు తగులుతుంది. పక్‌లు నేను ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టి తెస్తాను. చల్లగా ఉంటే ఎక్కువ ఎగరవు.

సమన్వయకర్త:

చాలా సంతోషం అక్కా. తాజా పరిస్థితి ఇది. యూ9 బజర్ ఇంకా ఖాళీ. యూ11లో గడియారం నాది, షీటు మాస్టారిది, ఒక తలుపు అక్కది, రెండోది ఖాళీ. యూ13లో గడియారం నిండింది, షీటూ రెండు తలుపులూ ఖాళీ. మొత్తం ఐదుగురు కావాలి. పేరు, ఏ ఆటకు వీలవుతుందో ఈ శుక్రవారం లోపు ఇక్కడే రాయండి. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో గేమ్‌షీట్ నింపడం ప్రాక్టీస్ చేద్దాం, ఖాళీ షీట్లు నా దగ్గరున్నాయి. పిల్లల్నీ తీసుకురండి. పెనాల్టీ సైగలు మనకంటే వాళ్లకే బాగా వచ్చు.