పొద్దున లోకల్ రైలు టైం మారిస్తే ఎలా?

నేను హైదరాబాద్‌లో, యాకుత్‌పురాలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి హైటెక్ సిటీలో దిగుతాను. మా బండిని ఇరవై నిమిషాలు ఆలస్యంగా వేస్తారట, ప్లాట్‌ఫామ్ మీద అందరిదీ ఇదే టెన్షన్. తొమ్మిదికల్లా ల్యాబ్‌లో వేలిముద్ర పడకపోతే సగం రోజు జీతం కట్. ముందు బండికి వెళ్లాలంటే బాబును ఐదున్నరకే లేపాలి. నిన్న అలాగే లేపి చూశాను. షూ లేసు కడుతుంటే నా భుజం మీదే నిద్రపోయాడు. మీరేం చేస్తున్నారు?

జవాబు: అక్కా, మలక్‌పేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారండి.

మళ్లీ నేను: రోజూ మెట్రో అంటే నా జీతానికి కష్టం తమ్ముడూ. నెల పాసుతోనే నెట్టుకొస్తున్నా.

జవాబు: ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు కూడా ఇవే పట్టాల మీద నడుస్తాయమ్మా. వాటికి దారివ్వాలంటే మన బండి జరగాల్సిందే. అయినా టైం ఖరారు కాకముందే మన డ్యూటీ వేళలు రాసి, సంతకాలతో అర్జీ ఇద్దాం. సోమవారం కాగితం నేను తెస్తాను.