క్లాసులో పాఠం అర్థం కాకపోతే ఇంటర్‌ప్రెటర్ వివరించాలా, వద్దా?

నల్గొండ మేడం:

అందరికీ నమస్తే. నల్గొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో మూడేళ్లుగా సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తున్నాను. లెక్చరర్ పక్కన నిలబడి ఆయన నోటితో చెప్పేది బధిర విద్యార్థినికి చేతులతో చెప్పాలి, ఆమె చేతులతో అడిగేది ఆయనకు నోటితో చెప్పాలి. అదీ నా పని.

పోయిన వారం స్టాఫ్ రూములో ఒక సీనియర్ సార్ అన్నారు: "మేడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడమెందుకు? మీకు అర్థమైందాన్ని సులువు చేసి ఆ అమ్మాయికి చెప్పేయండి, సరిపోతుంది." అక్కడున్న వాళ్లంతా నిజమేనన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒకసారి అలా చేసి ఆ అమ్మాయికి నష్టం చేశాను కాబట్టి ఒప్పుకోలేదు.

అది కెమిస్ట్రీ క్లాసు. తాగునీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి పాఠం. మన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతి కదా, క్లాసంతా శ్రద్ధగా వింటోంది. అమ్మమ్మ ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన కాళ్లను చూస్తూ పెరిగినదాన్ని, నాకూ ఆ పాఠం ఊరికే పోయేది కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ముందు వేగంగా కలపాలని, తర్వాత నెమ్మదిగా తిప్పాలని, అలా తిప్పితేనే సన్నటి తునకలు ఒకదానికొకటి అంటుకుని పెద్దవై ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయని సార్ బోర్డు వైపు తిరిగి చకచకా చెప్పుకుపోతున్నారు. తునకలు ఇలా అంటుకుని పెద్దవవడాన్నే 'ఫ్లాక్యులేషన్' అంటారు, ఆ మాటకు నా దగ్గర సైన్ లేదు. ఒక్కో అక్షరం వేళ్లతో చూపిస్తుంటే అమ్మాయి కనుబొమలు ముడిపడ్డాయి. జాలేసింది. "మందు కలిపితే చెడు అడుగుకు పోతుంది, పైన మంచినీళ్లు మిగులుతాయి" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. తల ఊపింది. సార్ నా వైపు చూసి "అర్థమైందా?" అన్నారు. ఆమెను అడక్కుండానే "అయింది సార్" అనేశాను.

ఇంటర్నల్ పరీక్షలో వచ్చిన ప్రశ్న: నెమ్మదిగా ఎందుకు తిప్పాలి? ఆమె ఆ చోటు ఖాళీగా వదిలేసింది. బయటికొచ్చి నన్ను ఆపి అడిగింది: "సార్ ఇది చెప్పారా? చెప్తే నాకు ఎందుకు రాలేదు?" వేలు సార్ గది వైపు, తర్వాత నా వైపు, చివరికి తన వైపు చూపించింది. ఆ మూడు సైగలకూ నా దగ్గర జవాబు లేదు.

అందుకే అంటున్నాను, క్లాసులో వివరించడం మన పని కాదు. మీరేమంటారు?

మిర్యాలగూడ అమ్మ:

మేడం, మీరు మంచి మనసుతోనే రాశారు. కానీ నా బాధ కూడా వినండి. మా బాబుకు పుట్టుకతోనే వినపడదు. పదో తరగతి దాకా బడిలో చేతులు కదిపితే కోప్పడేవాళ్లు, పెదవులు చూసి పలకమనేవాళ్లు. పదహారేళ్లు వచ్చాక స్నేహితుల దగ్గర సైన్ నేర్చుకున్నాడు. ఇప్పుడు బీకాం. డెబిట్, క్రెడిట్ అని ఇంటర్‌ప్రెటర్ మేడం ఉన్నది ఉన్నట్టు చూపిస్తే వాడికి ఆ సైనే కొత్త. ఇంక పాఠం ఎక్కడెక్కుతుంది?

నేను ఏడో తరగతి దాకా చదివాను. వాళ్ల నాన్న లారీ మీద ఉంటారు. ట్యూషన్‌కు పంపితే అక్కడ సైన్ తెలిసినవాళ్లు లేరు. వాడి భాష, పాఠం రెండూ కాస్తో కూస్తో తెలిసిన మనిషి ఆ మేడం ఒక్కరే. ఆ ఒక్కరూ నా పని కాదంటే వాడు ఎవర్ని అడగాలి? తప్పుగా అనుకోవద్దు, రూలు అనే మాట వింటే నాకు కడుపు మండుతుంది.

పాలమూరు ఫిజిక్స్:

మహబూబ్‌నగర్‌లో ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో అరవై మంది, సెమిస్టర్ పరుగు. నేనూ "అర్థమైందా" అని ఇంటర్‌ప్రెటర్‌నే అడిగేవాణ్ణి. అందులో తప్పుందని ఈ పోస్టు చదివేదాకా తట్టలేదు.

ఇంటర్‌ప్రెటర్ వివరించడం మొదలుపెడితే నాకు కనపడే ప్రమాదం ఇంకొకటి ఉంది. మా కాలేజీలో ఒకావిడ బరువుకీ ద్రవ్యరాశికీ ఒకే సైన్ వాడి, రెండూ ఒకటేనని వివరించారు. ఆవిడ బీఏ చదివారు, తప్పు పట్టను. కానీ ఆ అబ్బాయి సెమిస్టరంతా రెండూ ఒకటే అనుకున్నాడు. నేను నోటితో తప్పు చెబితే అరవై మందిలో ఒకడైనా లేచి ఆపుతాడు. చేతులతో జరిగిన తప్పు నాకు కనపడదు, ఇంకెవరికీ కనపడదు.

వనపర్తి బధిరుడు:

నాకు వినపడదు. డిగ్రీ పూర్తి చేశాను. సూటిగా రాస్తాను.

అమ్మా, మీరు రాసింది చదివితే మా అమ్మ గుర్తొచ్చింది. కానీ ఒకటి ఆలోచించండి. ఇంటర్‌ప్రెటర్ ఆగి నాకు రెండు నిమిషాలు వివరిస్తే, ఆ రెండు నిమిషాల్లో సార్ చెప్పింది ఏమైంది? సార్ ఆగరు. ఆ ముక్క నాకు ఎప్పటికీ రాదు. అసలు పోయిందనే సంగతే నాకు తెలియదు.

ఇంకొకటి. మేము తల ఊపేది "మీ చేతులు చూస్తున్నాను, కానివ్వండి" అని. అర్థమైందని కాదు. వినపడేవాళ్లు ఇది ఎప్పుడూ పొరపాటు పడతారు.

నా మొదటి ఇంటర్‌ప్రెటర్ చాలా మంచావిడ. ఆలస్యమైతే కారణం ఆవిడే చెప్పేది. నా డౌట్ ఆవిడే తీర్చేది. మూడేళ్లలో ఏ లెక్చరరూ నా ముఖం చూసి మాట్లాడలేదు. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో "మీకేమైనా అడగాలని ఉందా?" అన్నారు. నాకు చేతులు లేవలేదు. కొత్తవాళ్లను ప్రశ్న అడగడం నేను ఎప్పుడూ చేయలేదు.

2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో బధిర న్యాయవాది సారా సన్నీ ఇంటర్‌ప్రెటర్ సాయంతో హాజరైంది గుర్తుందా? ఆ ఇంటర్‌ప్రెటర్ ఆమెకు చట్టం వివరించలేదు, ఆమె బదులు వాదించలేదు. ఆమె మాటను కోర్టుకు, కోర్టు మాటను ఆమెకు చేర్చారు. నాకు కాలేజీలో అదే కావాలి.

గద్వాల చేతులు:

నేనూ ఇంటర్‌ప్రెటర్‌నే. ఎవరూ ఎత్తని మాట ఒకటి చెప్తాను. ఈ పనికి ఇద్దరు ఉండాలి, ఇరవై నిమిషాలకో అరగంటకో మారుతూ ఉండాలి. నేను రోజూ ఐదు క్లాసులు ఒక్కదాన్నే. మూడో క్లాసుకు చేతుల కంటే ముందు బుర్ర అలసిపోతుంది. ఇప్పుడు విన్న వాక్యాన్ని బుర్రలో పట్టుకుని ఉండగానే అంతకు ముందు విన్న వాక్యం చేతుల్లో నడుస్తుండాలి. అలసిపోతే తెలియకుండానే కత్తిరిస్తాం. తర్వాత దానికి 'సులువు చేసి చెప్పాను' అని పేరు పెట్టుకుంటాం. నేను పెట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

సైన్లు లేవన్నది కూడా ఒకప్పటంత నిజం కాదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3 వేల పదాలతో మొదలుపెట్టిన డిక్షనరీ 2021కి 10 వేలకు చేరింది, అందులో పాఠాల్లో వచ్చే మాటలూ ఉన్నాయి. ముందురోజు వెతుక్కోవచ్చు. కానీ రేపు ఏ పాఠమో ముందురోజు నాకు చెప్పేదెవరు? లెక్చరర్లు నోట్స్ ఇస్తే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

మిర్యాలగూడ అమ్మ:

వనపర్తి బాబూ, నువ్వు రాసింది మా వాడికి చూపించాను. రెండుసార్లు చదివి ఫోన్ తీసుకుని లోపలికి పోయాడు. సరే, క్లాసులో వివరించొద్దు. మరి అర్థం కానిది ఎప్పుడు అర్థం కావాలి? దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

నల్గొండ మేడం:

అమ్మా, నేను తప్పుగా అనుకోలేదు. మీ ప్రశ్నే రెండు రోజులుగా మెదులుతోంది. మొదటి పోస్టులో నేను సగమే చెప్పాను. వివరణ కావాలి, తప్పకుండా కావాలి. అది క్లాసు నడుస్తుండగా, సార్‌కు తెలియకుండా నా చేతుల్లోంచి పోకూడదు. పాఠం చెప్పిన మనిషే మళ్లీ చెప్పాలి, నేను అప్పుడు కూడా మధ్యలో ఉండి చేరవేయాలి.

నిన్న ఆ అమ్మాయిని తీసుకుని కెమిస్ట్రీ సార్ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు నేను పాఠం కత్తిరించానని, "అయింది" అన్నది నేనే కానీ ఆమె కాదని చెప్పాను. సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ల్యాబ్ తీయించి బీకరులో పటిక కరిగించారు. గాజు కడ్డీతో నెమ్మదిగా తిప్పుతుంటే నీళ్లలో మబ్బు ముక్కల్లాంటివి పుట్టి ఒకదానితో ఒకటి కలుస్తూ పెద్దవయ్యాయి. సార్ ఒక్కసారి కడ్డీని గిరగిరా తిప్పారు, అవన్నీ చెదిరిపోయాయి. నేను చేతులు ఎత్తాల్సిన పనే లేకుండా అమ్మాయికి తెలిసిపోయింది. విడిగా ఉన్న వేళ్లను ఒక్కొక్కటిగా దగ్గరికి చేర్చి పిడికిలి చేసి మెల్లగా కిందికి దించింది. ఫ్లాక్యులేషన్‌కు మా కాలేజీలో ఇక అదే సైన్.

వెంటనే అడిగింది. నేను ఆమె గొంతుగా చెప్పాను: "సార్, నేను ఇంకా నెమ్మదిగా తిప్పితే ఏమవుతుంది?" సార్ నన్ను చూస్తూ జవాబు మొదలుపెట్టారు. నేను రెండడుగులు వెనక్కి, ఆయన వెనకకు జరిగాను. ఆయన అటు తిరిగి, ఆమెను చూసి, కడ్డీ ఆమె చేతికిచ్చారు.

ఇక మీ బాబు సంగతి. వాడికి కావాల్సింది సైన్ వచ్చిన ట్యూటర్, అది ఇంటర్‌ప్రెటర్ కాకుండా వేరే మనిషి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సర్కారు కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వమంటోంది, సంజ్ఞా భాష వచ్చిన టీచర్లకు శిక్షణ ఇచ్చి నియమించమని కూడా అంటోంది. సీటు అడిగినట్టే దీన్నీ రాతపూర్వకంగా అడగాలి. దొరికేదాకా వారానికి రెండు గంటలు క్లాసు అయ్యాక లెక్చరర్‌నూ ఇంటర్‌ప్రెటర్‌నూ కలిపి కూర్చోబెట్టమని అడగండి. ఆ గంటలకు ఇద్దరికీ జీతం కట్టాలని కూడా రాయండి, లేకపోతే రెండు వారాలకే ఆగిపోతుంది.

అర్జీ నేను రాసి పంపిస్తాను. దాని మీద సంతకం మీది వద్దు, మీ బాబుది పెట్టించండి.