అప్‌డేట్: గంగవాయిలి తేరుకుంది

మేడమీద తొట్టిలో గంగవాయిలి ఆకుకూర కాడలు మొదళ్ల దగ్గర మెత్తబడి కుళ్లిపోతున్నాయి, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, నీళ్లు తగ్గించి మట్టిలో ఇసుక కలపమన్నారు, అలాగే చేశాను. బాగున్న కొసలు తుంచి, ఒక పూట నీడలో ఆరనిచ్చి గుచ్చితే వేళ్లు పట్టేశాయి. ఇప్పుడు ఎర్రటి కాడలు తొట్టి అంచు దాటి పాకుతున్నాయి, పొద్దున ఎండ తగలగానే పసుపు పూలు విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటున్నాయి, చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది! పైమట్టి బాగా ఆరాకే నీళ్లు పోస్తున్నా. కాయ మూత ఊడితే ఆవాలకన్నా చిన్న నల్ల గింజలు రాలతాయి, ఇక విత్తనం కొనక్కర్లేదు. పప్పులోకి పుల్లగా కావాలంటే పొద్దున్నే కోయండి, నీటి ఎద్దడిలో ఈ మొక్క రాత్రిపూట ఆకుల్లో పులుపు దాచుకుంటుంది, సాయంత్రానికి అది తగ్గిపోతుంది. ఒక్క జాగ్రత్త: పక్కనే నేలబారుగా పాకే నానబాలు మొలుస్తాయి, కాడ విరిస్తే తెల్లటి పాలు కారాయంటే అది కూర కాదు, పీకేయండి.