దేవరకొండ దిక్కు: మంచాన పడ్డ పెద్దోళ్లకు సర్కారు సాయం ఏమేం ఉంది?

ప్రశ్న: పెద్దమ్మకు 72 ఏండ్లు. తుంటి ఎముక విరిగి మంచంల ఉంది. 2,016 రూపాయల పింఛను వస్తది. ఇంకేమన్న ఉంటదా?

జవాబు 1: అన్నా, మొదలు ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించుండ్రి. 70 నిండితే చాలు, ఆదాయం అడగరు. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం, అది కూడా ఆసుపత్రిల చేరితేనే. ఓపీల (చేరకుండ చూపించుకొని పోతే) రాసే మందులకు రాదు. ముసలోళ్ల వేలిముద్రలు అరిగిపోయి ఈ-కేవైసీ (ఆధార్‌తోని మనిషిని గుర్తుపట్టుడు) ఆడనే ఆగుతది. ఆధార్‌కు ఫోన్ నంబర్ ముందుగాల కలిపి పెట్టుకుంటే ఓటీపీతోని అయితది. ఆధార్‌ల పుట్టిన తేదీ కూడా చూసుకోండ్రి, తప్పుంటే వయసు సరిపోదు.

జవాబు 2: వాకర్, వీల్‌చైర్, చెవి మిషన్ కేంద్రం వయోశ్రీ పథకం కింద ఉచితం. 60 దాటాలె, పేద కుటుంబమై ఉండాలె. కొలతలు తీసుకునే క్యాంపు వేరు, పంపిణీ వేరు. మొదటి దానికి పోకుంటే రెండోదాంట్ల పేరుండదు. నల్లగొండ పెద్దాసుపత్రిల పాలియేటివ్ కేర్ (నయం కాని రోగాలల్ల నొప్పి, బాధ తగ్గించే సేవ) గురించి కూడా అడుగుండ్రి. రోజూ ఇంట్ల ఉండి చూసే మనిషిని మాత్రం సర్కారు పెట్టదు, ఆ ఆశ వద్దు.

జవాబు 3: పిల్లలు చూడకుంటే తల్లిదండ్రుల, పెద్దోళ్ల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టొచ్చు. భూమిని పిల్లలకు గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) చేస్తే "పోషించాలి" అన్న షరతు అండ్లనే రాయించుండ్రి. లేకుంటే రద్దు చేయించుడు కష్టం. సలహాకు పెద్దోళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయుండ్రి.