‘గని బావి’ అంటే ఏ బావి?

ప్రశ్న: అనువాదంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయానండీ. యురేనియం తీసే బావిలో కేబుల్ పెట్టి పరీక్షించడం గురించి. ‘సిమెంటుతో పూడ్చిన గని బావిలో పర్యవేక్షణ కేబుల్ స్థాపన’ అని రాశాను. చదువుతుంటే నాకే తేడా కొడుతోంది.

జవాబు: ముందు ‘గని బావి’ సంగతి. మాది గోదావరిఖని. మా దగ్గర బాయి అంటేనే బొగ్గుగని. ‘బాయి దిగిండు’ అంటే డ్యూటీకి పోయిండని. మీ వాక్యం చూస్తే మావాళ్లు గనిని మొత్తం సిమెంటుతో మూసేశారనుకుంటారు! మీరు చెప్పే బావిలోకి మనిషి దిగడు. ఉదాహరణకి కజకిస్తాన్‌లో యురేనియం తీసేది ఇలాగే: బోర్లు వేసి, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు లోపలికి పంపి, యురేనియం కరిగిన ద్రావణాన్ని వేరే బోర్లలోంచి పైకి తోడతారు. కాబట్టి ‘యురేనియం తోడే బోరు’ అంటే చాలు.

‘పూడ్చిన’ ఇంకా చిక్కు. పూడ్చిన బోరంటే పనికిరాక మూసేసిందనే అర్థం. ఇక్కడ సిమెంటు నింపేది కేసింగ్ పైపు లోపల కాదు, పైపుకీ నేలకీ మధ్య ఉన్న సందులో, ద్రావణం వేరే నీటి పొరల్లోకి పోకుండా. పైపు లోపల ఖాళీయే. కేబుల్‌ని కూడా కేసింగ్ బయటివైపు కట్టి, పైపుతోపాటే దించుతారు. సిమెంటు గట్టిపడ్డాక ఇక దాన్ని బయటికి లాగలేం. అందుకే కేబుల్ బాగుందో లేదో డ్రమ్ముకి చుట్టి ఉండగా ఒకసారి, దించాక ఒకసారి, సిమెంటు గట్టిపడ్డాక మరోసారి చూస్తారు. ఫైబర్ కేబుల్ (లోపల సన్నని గాజు పోగు ఉండేది) అయితే పైనుంచి కాంతి పంపి, లోపం ఉన్నచోటి నుంచి వెనక్కొచ్చే వెలుగును కొలుస్తారు. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. 1 మైక్రోసెకనులో తిరిగొస్తే లోపం 100 మీటర్ల దగ్గరున్నట్టు, 200 కాదు. రానూపోనూ కదా.

ఇంకో ముచ్చట: సిమెంటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. వేడిని కొలిచే ఫైబర్‌లో ఆ వేడి ఎక్కడిదాకా కనిపిస్తే సిమెంటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. కేబుల్ పనిచేస్తోందా అని చూడబోతే సిమెంటు పని కూడా తేలిపోతుంది!

‘స్థాపన’ సంఘాలకీ విగ్రహాలకీ ఉంచేద్దాం.

ఇంకొకరు: మా అనంతపురంలో బోరు మోటారును ‘దించుతారు’, ‘ఎత్తుతారు’. మోటారు ఎత్తాలంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. స్తంభాల మీదైతే వైరు ‘లాగుతారు’, బోరులోకి మాత్రం ‘దించడమే’. పలుచగా కలిపిన సిమెంటును మేస్త్రీలు ‘సిమెంటు పాలు’ అంటారు, అదీ వాడుకోవచ్చు.

ప్రశ్న వేసినవారు: ‘పాలు నింపి’ అంటే మా ఎడిటర్‌గారు నవ్వుతారేమోనండీ.

జవాబు: పాలు వద్దంటే ‘సిమెంటు జావ’ అనండి. వ్యాసం శీర్షికకి ఉత్త ‘సిమెంటు’ చాలు. ‘యురేనియం తోడే బోరులో కేసింగ్ బయట కేబుల్ దించి, సిమెంటు నింపాక పరీక్షించడం’. పొడుగైంది, కానీ ఎవరికీ బాయి గుర్తురాదు.

ఇంకొకరు: మరి ‘పర్యవేక్షణ’? అది వినగానే నాకు సూపర్‌వైజరే కనిపిస్తాడు.

జవాబు: ‘నిఘా’ అంటే సీసీ కెమెరా కనిపిస్తుంది. ఆ కేబుల్ ఏం చెబుతుందో అదే రాస్తే? ‘లోపలి వేడి తెలిపే కేబుల్’. ఇంతకంటే మంచిది తడితే చెప్పండి, నాకూ పూర్తిగా తృప్తి లేదు.