ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఫారిన్ ఎల్‌ఎల్‌ఎం, పూర్తి చేయగలనా?

పదితర్వాత_చదువు:
అందరికీ నమస్కారమండీ. ఎల్‌ఎల్‌బీ అయ్యి తొమ్మిదేళ్లయింది, ఇప్పుడు ఒక కంపెనీలో కాంట్రాక్టులు చూస్తున్నా. ఆర్బిట్రేషన్ క్లాజులు (గొడవొస్తే కోర్టుకెళ్లకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతులు) రోజూ చేతికొస్తాయి గానీ పాతవి చూసి దించేయడమే, ఎందుకలా రాస్తారో లోతుగా తెలీదు, అది నన్ను చాలా బాధపెడుతోంది. అందుకే యూనివర్సిటీ ఆఫ్ లండన్ ఎల్‌ఎల్‌ఎం (లాలో మాస్టర్స్) దూరవిద్యలో చేద్దామనుకుంటున్నా. ఉద్యోగం మానలేను, బాబుకి నాలుగేళ్లు, రాత్రి పది దాటాకే నాకంటూ టైం దొరుకుతుంది. ఇలా మొదలుపెట్టినవాళ్లు పూర్తి చేయగలిగారా? దూరవిద్య అంటే విలువ తగ్గుతుందా? దీంతో న్యూయార్క్ బార్ (అక్కడ లాయర్ లైసెన్స్ పరీక్ష) రాయొచ్చని ఒకరన్నారు, నిజమేనా?

మూడేళ్ల_ఎల్‌ఎల్‌ఎం:
నేను ఉద్యోగం చేస్తూనే పూర్తి చేశానండీ, కాబట్టి అవుతుంది, కానీ గంటల లెక్క ముందే వేసుకోండి. యూకేలో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 10 గంటల చదువని లెక్క, అంటే 1800 గంటలు. వారానికి 12 గంటలు కూర్చోగలిగితే 150 వారాలు, దాదాపు మూడేళ్లు. లండన్‌వాళ్లు ఐదేళ్ల వరకు టైం ఇస్తారు కాబట్టి మధ్యలో బాబుకి జ్వరమొచ్చి ఒక నెల పోయినా కొంప మునగదు. నా సలహా ఏంటంటే నేరుగా ఎల్‌ఎల్‌ఎం అని కాకుండా పీజీ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టండి, తర్వాత డిప్లొమా, ఆపైన ఎల్‌ఎల్‌ఎం. ఎక్కడ ఆగాల్సొచ్చినా చేతిలో ఒక అర్హత మిగులుతుంది.

విలువ సంగతికొస్తే, ఆ యూనివర్సిటీ 1858 నుంచీ బయటి విద్యార్థులకు డిగ్రీలు ఇస్తోంది, ఈ లా కోర్సుల వెనక లండన్‌లోని యూసీఎల్, క్వీన్ మేరీ యూనివర్సిటీల అధ్యాపకులున్నారు. కానీ మీరుండే దేశంలో లెక్చరర్ పోస్టుకో ప్రభుత్వ ఉద్యోగానికో ఇది చెల్లుతుందా అనేది వేరే ప్రశ్న, ఫీజు కట్టకముందే అక్కడి సంస్థని రాతపూర్వకంగా అడగండి, నోటిమాట నమ్మొద్దు. నాకు నిజంగా కష్టమైంది మాత్రం చట్టం కాదు, ఒంటరితనం. అర్థం కాని పేరా గురించి పక్కన అడిగేవాళ్లు ఉండరు. అదే మాడ్యూల్ చదువుతున్న ఇద్దరిని వెతుక్కుని ప్రతి ఆదివారం కాల్ పెట్టుకున్నాం, అదే నన్ను నిలబెట్టింది.

బార్_రూల్స్_చూసేవాడు:
న్యూయార్క్ మాట మాత్రం తప్పండీ. అక్కడి రూల్ 520.6 లెక్కలోకి తీసుకునే ఎల్‌ఎల్‌ఎం అమెరికాలోని గుర్తింపు పొందిన లా స్కూల్లో, అక్కడే క్లాసులో కూర్చుని చేసింది. లండన్ దూరవిద్య డిగ్రీ దానికి పనికిరాదు. కామన్ లా దేశంలో (ఇంగ్లండ్, ఇండియాలాగా పాత తీర్పుల్ని ప్రమాణంగా తీసుకునే చోట) మూడేళ్లు ఫుల్‌టైం చదివినవాళ్లకి కొన్ని సందర్భాల్లో ఎల్‌ఎల్‌ఎం లేకుండానే అనుమతి వస్తుంది, అది మీ మొదటి డిగ్రీని చూసి అక్కడి బోర్డు తేలుస్తుంది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (అక్కడి ఒక రకం లాయర్) కావాలన్నా దారి 2021లో వచ్చిన ఎస్‌క్యూఈ పరీక్ష, దానికి ఎల్‌ఎల్‌ఎం అడగరు. లైసెన్స్ కోసమైతే ఇది వద్దు, మీరు రాసినట్టు సబ్జెక్ట్ కోసమైతే తప్పకుండా చేయండి.

ఫుట్‌నోట్:
ఒక్క మాట కలుపుతా. తొమ్మిదేళ్ల గ్యాప్ తర్వాత దెబ్బకొట్టేది రాసే పద్ధతి. 1958 న్యూయార్క్ కన్వెన్షన్‌లో (విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలు గురించిన అంతర్జాతీయ ఒప్పందం) ఐదో ఆర్టికల్ ఉంది కదా, అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ ఇచ్చిన తీర్పు, అమలుని కోర్టు ఏ కారణాలతో నిరాకరించొచ్చో చెప్పేది, దాన్ని వరసగా అప్పజెప్తే మార్కులు రావు. అందులో పబ్లిక్ పాలసీ (ఆ తీర్పు దేశపు మౌలిక విధానాలకి విరుద్ధమనడం) అనే ఒక్క కారణం తీసుకుని, ఒక దేశం కోర్టు దాన్ని ఇరుకుగా ఎందుకు చదివింది, ఇంకో దేశం ఎందుకు సాగదీసింది, మీరు ఎటు, ఎందుకు, ఇదీ వాళ్లకి కావాల్సింది. ఆస్కోలా అనే ఫుట్‌నోట్ పద్ధతి (లా వ్యాసాల్లో కేసుల్ని, పుస్తకాల్ని ఉటంకించే తీరు) కూడా మొదటి వారంలోనే నేర్చేసుకోండి, చివర్లో కూర్చుంటే రాత్రిళ్లు అవే తింటాయి. ఆన్‌లైన్ లైబ్రరీ లాగిన్ రాగానే వాడటం మొదలుపెట్టండి, కట్టే ఫీజులో అసలు విలువైనది అదే అని నా అభిప్రాయం.

పదితర్వాత_చదువు:
అందరికీ చాలా థాంక్సండీ. బార్ ఆలోచన పక్కన పెట్టేశా, అది పోతే దిగులేస్తుందనుకున్నా గానీ మనసు తేలికైంది. సర్టిఫికెట్‌తో మొదలుపెడతా, మొదటి మాడ్యూల్ ఆర్బిట్రేషనే. వారానికి 12 గంటలు నాకు ఎక్కువే, 9 అయితే ఖాయంగా కూర్చోగలను. ఈ సెషన్‌లో ఎవరైనా అదే తీసుకుంటుంటే చెప్పండి, ఆదివారం కాల్ పెట్టుకుందాం.

మూడేళ్ల_ఎల్‌ఎల్‌ఎం:
9 చాలండీ, నాలుగేళ్లలోపే అయిపోతుంది. నా పాత నోట్సు ఇంకా ఉన్నాయి, మీ మొదటి కాల్‌కి నేనూ వస్తా.